గుర్రం తోక, జోరీగ, మన సాయిసులు

తెలుగులో గుర్రం ఎక్కాలంటే ఉర్దూ మాట్లాడక తప్పదు. కూర్చునేది జీను మీద, కాలు పెట్టేది రికాబులో, పట్టుకునేది లగాము, చేసేది సవారీ. దిగాక మాలీసు చేసేవాడు సాయిసు. ఈ లఫ్జులన్నీ అరబీ, ఫార్సీల నుంచి వచ్చి తెలుగులో ఇల్లు కట్టుకున్నాయి. ఆ గుర్రం మీద వాలే ఈగ మాత్రం అచ్చ తెలుగుది. జోరీగ!

ఉర్దూ మీడియం బడిలో చదివి తెలుగు డిగ్రీకి వచ్చిన నాకు ఆ మాట మొదట వేమన పద్యంలో ఎదురైంది. చెవి దగ్గర రొద పెట్టే పురుగు అనుకుని వదిలేశాను. గుర్రాలు పెంచిన బుజుర్గుల పక్కన కూర్చున్నాక తెలిసింది, రొద కాదు, కాటే అసలు ముసీబత్ అని. మామూలు మఖ్ఖీ నాలుకతో నాకుతుంది. జోరీగ చర్మాన్ని కత్తిలా కోసి, ఊరిన రక్తాన్ని తాగుతుంది. అదీ ఆడదే. మగది పూల తేనెతో బతికేస్తుంది. పట్టపగలు, మండే ఎండలో దీని జోరు. పిల్ల పురుగులు పెరిగేది కాలువ గట్ల బురదలో, చెరువు అంచుల్లో, తడి మాగాణుల్లో. అంటే మన కృష్ణా డెల్టా దానికి పుట్టిల్లన్నమాట.

గుర్రానికి మాత్రం ఈ నేల పుట్టిల్లు కాదు. మంచి గుర్రం ఇక్కడికి సముద్రం మీద వచ్చేది. డెల్టా దక్షిణపు అంచున మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244లో శాసనం వేయించాడు. కుతుబ్‌షాహీల జమానాలో బందరు రేవులో ఇరాన్ గుర్రాలు దిగేవి. మోటుపల్లి గురించి రాసిన మార్కో పోలో, దానికి దక్షిణాన ఉన్న మాబార్, అంటే తమిళ తీరం గురించి ఒక చేదు సంగతి చెప్పాడు. అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారట. పోషణ తెలిసినవాళ్ళు లేక ఏడాది తిరిగేసరికి చాలా చచ్చిపోతాయట. అమ్మే వర్తకులు గుర్రాల వైద్యం తెలిసినవాణ్ణి అక్కడికి రానిచ్చేవారు కారట. గుర్రం బతికితే మళ్ళీ బేరం ఎక్కడిది? తిజారత్‌లో ఇలాంటి తెలివి ఆనాటి నుంచీ ఉంది. ఆ చావుల్లో ఎన్ని దాణా వల్లో, ఎన్ని ఎండ వల్లో, ఎన్ని ఈగ వల్లో ఎవరూ లెక్క రాయలేదు. కానీ పొడి నేలల్లో పెరిగిన జంతువును తడి నేలకు తెచ్చి కడితే ఈగ దాన్ని వదలదు.

దోస్తులారా, గుర్రానికి అల్లాహ్ ఇచ్చిన మొదటి హిఫాజత్ దాని తోక. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక రివాయత్ ఉంది. గుర్రాల నుదుటి జుట్టు, జూలు, తోక కత్తిరించవద్దని ప్రవక్త (స) వారించారని. కారణం కూడా అందులోనే ఉంది: తోక దానికి ఈగలు తోలుకునే విసనకర్ర, జూలు దానికి వెచ్చదనం, నుదుటి జుట్టుకు ఖైర్ ముడిపడి ఉంది. ఒక మూగజీవి ఒంటి మీద ఈగ వాలితే అది ఏం చేసుకోగలదు అని ఆలోచించిన మాట ఇది. ఇంగ్లండులో మాత్రం ఫ్యాషన్ కోసం, బండి పగ్గాల్లో చిక్కుకోకుండా ఉండటం కోసం గుర్రాల తోకలు ఎముకతో సహా కోసేవారు. దాన్ని చట్టంతో ఆపింది 1949లో.

తోక అందని చోట మనిషి చెయ్యి కావాలి. అక్బర్ అస్తబల్ గురించి అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో రాసిన జాబితాలో ‘మగస్‌రాన్’ అనే వస్తువు ఉంది. మగస్ అంటే ఈగ, రాన్ అంటే తోలేది. గుర్రపు తోక వెంట్రుకలతో చేసిన కుంచె అది. గుర్రం జుట్టే గుర్రానికి కాపలా. అదే అస్తబల్ నౌకర్లలో బైతార్ (గుర్రాల వైద్యుడు), నాల్‌బంద్, సాయిసులతో పాటు ‘సిపంద్‌సోజ్’ కూడా ఉన్నాడు. సిపంద్ గింజలు కాల్చి పొగ వేయడం అతని పని. పేరుకు అది నజర్ తగలకుండా. కానీ ఆ ఘాటు పొగలో ఈగ నిలుస్తుందా? మన దాదీమాలు సాయంత్రం లోబాన్ వేసేటప్పుడు దిష్టి ఏదో, దోమ ఏదో విడదీసి చూశారా ఏమిటి!

ఈ ఇల్మ్ ఒక్క దారిన రాలేదు. ఉర్దూలో గుర్రాల వైద్యుణ్ణి సాలోత్రీ అంటారు. అశ్వశాస్త్రం రాసిన శాలిహోత్రుడి పేరే అలా మారింది. సంస్కృత గ్రంథం ఫార్సీలోకి వెళ్ళింది, ఫార్సీ నుంచి ఉర్దూ ‘ఫరస్‌నామా’లు పుట్టాయి. సాదత్ యార్ ఖాన్ రంగీన్ అలాంటిదొకటి రాశాడు. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసం’ ఉంది. గుర్రం దగ్గర ఎవరూ మజహబ్ అడగలేదు.

మన బెజవాడకు వద్దాం. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి కాలువలు పారాయి. 1893లో రైలు వంతెన వచ్చి ఊరు జంక్షన్ అయింది. రైలు దిగినవాళ్ళను వన్‌టౌన్‌కూ పేటలకూ చేర్చింది జట్కాలే. ఆ జట్కాలు తోలి రోజీ సంపాదించినవాళ్ళలో మనవాళ్ళు ఎందరో. కాలువ నీళ్ళు ఊరికి అన్నం పెట్టాయి, జోరీగకు ఇల్లూ ఇచ్చాయి. వేసవిలో కాలువలు కట్టేసినా గట్ల కింద తడి పూర్తిగా ఆరదు.

ఆ జమానా బుజుర్గులు చెప్పే పద్ధతుల్లో పెద్ద రహస్యమేమీ లేదు, మెహనత్ ఉంది. లాయంలో లద్దె పూటపూటకూ ఎత్తి దూరంగా వేయాలి. మూత్రంతో తడిసిన గడ్డిని ఆ రోజే మార్చాలి, ఎందుకంటే కాళ్ళను కుట్టే చిన్న ఈగ పెరిగేది ఆ కుళ్ళిన గడ్డిలోనే. మిట్టమధ్యాహ్నం గుర్రాన్ని చీకటిగా ఉన్న చోట కట్టాలి. జోరీగ వెలుగును వదిలి నీడలోకి రావడానికి ఇష్టపడదు. గుమ్మానికి తడిపిన గోనెపట్టా, మాగన్నులో వేపాకు పొగ. కళ్ళ మీదికి వేలాడే దారాల కుచ్చు, తల ఊపినప్పుడల్లా ఈగలను లేపేది. మనం సోకు కోసం కట్టారనుకున్నాం. చెమట పట్టి వచ్చిన గుర్రాన్ని తుడిచి, పుండు ఉంటే దానికి వేపనూనె రాసి, ఆ తర్వాతే సాయిసు తన అన్నం దగ్గర కూర్చునేవాడు.

పుండు సంగతి చిన్నది కాదు. ఈగ వాలిన గాయం మీద సన్నని పురుగు పిల్లలు దిగి, ఎండాకాలం, వానాకాలం మానని పుండు అవుతుంది. దాన్ని గుర్రాలవాళ్ళు ‘బర్సాతీ’ అన్నారు. ఇంగ్లీషు డాక్టర్లు కూడా ఆ పేరే తమ కితాబుల్లో రాసుకున్నారు.

అంతకంటే పెద్దది ‘సుర్రా’. జ్వరం, వాపులు, రోజురోజుకూ ఎముకల గూడు అయిపోవడం, చివరికి మౌత్. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు జబ్బుపడిన గుర్రాల రక్తంలో పాములా మెలికలు తిరిగే క్రిమిని చూశాడు. అదే జబ్బుకు కారణమంటే పైఅధికారులు నమ్మలేదు. అక్కడి స్థానికులు మాత్రం పెద్ద ఈగ కాటు వల్లే ఇది వస్తుందని అంతకుముందే అంటున్నారు. లియొనార్డ్ రోజర్స్ ప్రయోగం చేసి జోరీగలు సుర్రాను అంటిస్తాయని చూపించింది 1901లో. మధ్యలో ఇరవై ఏళ్ళు! రోజర్స్ పేరు పుస్తకాల్లో ఉంది, ఇవాన్స్ పేరు ఆ క్రిమికే పెట్టారు. ముందే చెప్పిన సాయిసుల పేర్లు ఎవరూ అడగలేదు. నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది అక్కడే. సుర్రా ఇప్పటికీ పోలేదు, గుర్రాలకే కాదు, ఒంటెలకూ పశువులకూ వస్తుంది. నయం చేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, వేళకు రక్తపరీక్ష జరగాలంతే. బెజవాడ పక్కనే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది.

2010లో హంగరీ పరిశోధకులు ఇంకో సంగతి తేల్చారు. నల్ల, గోధుమ రంగు గుర్రాలకంటే తెల్ల గుర్రం మీద జోరీగలు తక్కువ వాలతాయి. ముదురు రంగు చర్మం మీద మెరిసే వెలుగు దానికి నీటి మెరుపులా కనిపిస్తుందట. అంటే ఎండలో ముష్కీ పడే బాధ నుక్రా కంటే ఎక్కువ.

జట్కాలు పోయాయి. రిక్షా, ఆ తర్వాత ఆటో వాటిని తినేశాయి. గుర్రం ఇప్పుడు మనకు కనిపించేది షాదీ బరాత్‌లో. అదీ ఏప్రిల్, మే నెలల్లో, షర్బత్ గ్లాసుల తీపి వాసన మధ్య, గంటల తరబడి నిలబడి. కళ్ళ కొసల్లో ఈగలు ముసురుకుంటాయి. విదిలించుకుందామంటే తోక జడ అల్లి, జరీ రిబ్బను చుట్టి ఉంటుంది. ఈసారి గుర్రం మాట్లాడుకునేటప్పుడు మూడు మాటలు చెప్పండి: దూల్హా బయటికి వచ్చేదాకా నీడలో కట్టమని, ఒక బకెట్ నీళ్ళు పెట్టమని, తోక ముడి వేయకుండా వదిలేయమని. దానికి కిరాయి ఏమీ పెరగదు.