బొమ్మ రైలు యింజనుకు గొంతు వచ్చిన కథ

ఆవిరి రైలు యింజను నడచునపుడు వినవచ్చు "ఛుక్ ఛుక్" శబ్దమునకు కారణమేమి? పిస్టనును నెట్టి పని ముగించిన ఆవిరి, కవాటము తెరచుకొనగానే పొగగొట్టముగుండా ఒక్కసారిగా వెలువడును. పిస్టనుకు రెండు వైపులను ఆవిరి పనిచేయును గనుక, రెండు సిలిండరుల యింజనులో చోదక చక్రము ఒక చుట్టు తిరుగులోపల ఈ శబ్దము నాలుగు సార్లు పుట్టును. శబ్దముల నడుమ ఎడము సమానముగా లేనిచో కవాటములు సరిగా లేవని డ్రైవరు గ్రహించెడివాడు. కనుక ఆ శబ్దము యింజను ఆరోగ్యమును తెలుపు నాడి వంటిది.

విద్యుత్తుతో నడచు నమూనా యింజనులో ఆవిరి లేదు. శబ్దమును వేరుగా పుట్టించి, దానిని చక్రముతో జోడింపవలెను. ఆ జోడింపులోనే చిక్కు ఉన్నది.

1935లో అమెరికాలోని లయొనెల్ కంపెనీ బొమ్మ రైలుకు ఈల నమర్చినది. పట్టాలలోని ఏకాంతర ప్రవాహముతో పాటు కొంత ఏకముఖ ప్రవాహమును పంపగా ఒక రిలే పనిచేసి, చిన్న పంకా తిరిగి ఈల మ్రోగెడిది. ఈలకు చక్రముతో పనిలేదు గనుక ఈ ఏర్పాటు చాలెను. "ఛుక్ ఛుక్" శబ్దమునకు మాత్రము ఇది చాలదు. అందుచే తరువాతివారు ఇరుసుపై నాలుగు లోహపు పలకలను, వాని నడుమ విద్యుద్బంధకమును అమర్చి, వానిని ఒక సన్నని తీగె రాచుకొనుచుండునట్లు చేసిరి. తీగె లోహమును తాకినపుడెల్ల వలయము పూర్తియై ఒక శబ్దము వచ్చును. కాని నూనె, దుమ్ము చేరినచో స్పర్శ చెడి కొన్ని శబ్దములు తప్పిపోయెడివి.

తాకకుండ చక్రము జాడ తెలిసికొను ఉపాయములు అంతకు పూర్వమే భౌతికశాస్త్రములో ఉన్నవి. 1879లో ఎడ్విన్ హాల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు బంగారు రేకులో విద్యుత్తును ప్రవహింపజేసి, దానిని అయస్కాంత క్షేత్రములో నుంచగా, ప్రవాహమునకు అడ్డముగా వోల్టేజి కనిపించినది. ఇదియే హాల్ ఫలితము. 1936లో బెల్ ప్రయోగశాలలో ఎల్‌వుడ్ రీడ్ స్విచ్చిని కనుగొనెను. గాజు గొట్టములో మూసిన రెండు సన్నని లోహపు రేకులు, అయస్కాంతము దరిచేరగా ఒకదానినొకటి తాకును.

1980ల చివర జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన విధానము ఆధారముగా, అమెరికా జాతీయ నమూనా రైల్వే సంఘము 1990లలో డిజిటల్ నియంత్రణకు ప్రమాణములను ఏర్పరచెను. పట్టాలలో వచ్చు సంకేతములను యింజనులోని డీకోడరు చదివి మోటారును, శబ్దమును నడుపును. హాల్ సెన్సరుకు మూడు తీగెలుండును: ధన, ఋణ తీగెలు రెండు, సంకేతమునకు మూడవది. వీనిని డీకోడరుకు కలిపి, ఇరుసుపై సమాన దూరములలో నాలుగు చిన్న అయస్కాంతముల నంటింతురు. ఒకే ధ్రువమునకు స్పందించు సెన్సరైనచో ఆ ధ్రువమే నాలుగింటను వెలుపలికుండవలెను. ఒకటి విడిచి ఒకటి తిరుగబడినచో నాలుగు శబ్దములకు రెండే వినబడును.

సెన్సరు లేకయే పనిచేయు డీకోడరులును కలవు. తిరుగు మోటారులో పుట్టు వ్యతిరేక విద్యుచ్ఛాలక బలమును కొలిచి, అవి వేగమును అంచనా వేయును. ఆ అంచనా ఎంత సూక్ష్మముగా ఉండవలెనో చూడుడు. 87వ వంతు నమూనాలో 20 మి.మీ. వ్యాసముగల చక్రము చుట్టుకొలత సుమారు 63 మి.మీ. నమూనా సెకనుకు 19 సెం.మీ. నడచినచో, అది అసలు రైలుకు గంటకు 60 కి.మీ. వేగమునకు సమానము. అపుడు చక్రము సెకనుకు మూడు చుట్లు తిరుగును. 12 శబ్దములు రావలెను. అంచనాలో నూటికి ఒక వంతు పొరబాటున్నను, ఎనిమిది సెకనులు గడచుసరికి ఒక శబ్దము తేడా వచ్చును. చక్రముపైని సెన్సరు ప్రతి చుట్టును స్వయముగా లెక్కించును గనుక ఈ తేడా పోగుపడదు.

ఈ సూత్రమును తరగతిలోనే చూపవచ్చును. సైకిలు చక్రమునకు నాలుగు అయస్కాంతములు కట్టి, వానికి దగ్గరగా రీడ్ స్విచ్చి నుంచి, ఘటమును, నిరోధకముతో కూడిన ఎల్‌.ఇ.డి. దీపమును కలుపవలెను. చక్రమును మెల్లగా త్రిప్పినచో, చుట్టునకు నాలుగు మారులు దీపము వెలుగును.