మేర నుంచి బేరం దాకా

పోయిన భాగంలో సుగ్గి గురించి రాశాను. దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి పత్తి తీయడానికీ, మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు పోయే కుటుంబాల గురించి. ఈసారి వాళ్ళను మోసుకుపోయే బండి గురించి రాస్తున్నాను. సరిగ్గా చెప్పాలంటే ఆ బండికి మనం కట్టే ధర గురించి. "షోరూంలో బేరం కూడా చరిత్రేనా సార్?" అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. చరిత్రే నాయనా. బేరమాడే హక్కు ఎవరికి ఉండింది, ఎవరికి లేకపోయింది అని చూస్తే మన ఊర్ల ఆర్థిక చరిత్ర సగం అర్థమవుతుంది.

మా తాత కపిలె బావులకు తోలు తొండాలు కుట్టేవాడు. చెప్పులు, ఎద్దులకు వార్లు, చెర్నాకోలలు కూడా. వీటిలో ఒక్కదానికీ ధర లేదు. ఏడాది పొడవునా కుట్టినదానికి పంట కళ్ళంలో రైతు కొలిచి పోసిన గింజలే కూలి. దాని పేరు మేర. ఎంత పోయాలనేది ఆచారం అనేవాళ్ళు గానీ కొలిచే చెయ్యి రైతుదే. "ఇంకొంచెం పొయ్యి సామీ" అని అడగొచ్చు. అది అడుక్కోవడం, బేరం కాదు. బేరం అంటే రెండు వైపులా "నాకొద్దు, పోతా" అనగలిగే మనుషులు ఉండాలి. తొండం కుట్టనని చెప్పి మా తాత ఏ ఊరికి పోయేవాడు?

ఇదే తాత రైతు ఎద్దులను తోలుకొని ఎమ్మిగనూరు సంతకు పోయేవాడు. పశువుల సంతలో బేరం తువ్వాలు కింద జరుగుతుంది. చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా అంకె బయటపడదు. మా తాత పలుపు పట్టుకొని పక్కన నిలబడేవాడు. ఎద్దు పళ్ళు చూసి వయసు, నడక చూసి రోగం చెప్పగలిగినవాడు ఆయన. అయినా ఆ తువ్వాలు కిందికి ఆయన చెయ్యి ఒక్కసారి కూడా పోలేదని మా జేజి చెప్పేది.

బండి బేరం అనగానే నాకు బాబాసాహెబ్ గుర్తొస్తాడు. 1901లో, పసివాడిగా ఉన్నప్పుడు, అన్నతో, అక్క కొడుకులతో కలిసి నాన్న దగ్గరికి బయలుదేరి మసూర్ స్టేషన్‌లో దిగాడు. మహర్ పిల్లలని తెలియగానే ఒక్క బండివాడూ రానన్నాడు. చివరికి స్టేషన్ మాస్టర్ ఒక బేరం కుదిర్చాడు. రెండింతల బాడుగ ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. ధర రెట్టింపు, పని కూడా మనదే! 1929లో చాలీస్‌గావ్‌లో మళ్ళీ అదే కథ. అప్పటికి ఆయన బారిస్టరు. టాంగావాళ్ళు ఆయనను ఎక్కించుకుని తోలడానికి ఒప్పుకోలేదు. టాంగా బాడుగకు దొరికింది, తోలేవాడు దొరకలేదు. తోలడం రాని మహర్ ఒకాయన తోలాడు. కల్వర్టు మీద బాబాసాహెబ్ కింద పడి కాలు విరిగింది. కులం ఉన్నచోట అదే బండికి మనకొక ధర, మిగతావాళ్ళకొక ధర.

1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం చదవండి (1976లో దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టమని మారింది). 6వ సెక్షన్ గుడుల గురించి కాదు, అంగళ్ళ గురించి. మామూలుగా అందరికీ ఏ షరతుల మీద అమ్ముతారో అవే షరతుల మీద మనకూ అమ్మాలి. అంటరానితనం పేరుతో కాదనడం నేరం. "అవే షరతులు" అనే ఆ రెండు మాటల్లో ధర కూడా ఉంది.

తర్వాత అప్పుల కాలం వచ్చింది. రాష్ట్రంలో ఎస్సీ కార్పొరేషన్ 1974లో, ఢిల్లీలో జాతీయ కార్పొరేషన్ 1989లో వచ్చాయి. వాటివల్ల మనవాళ్ళు ఆటోలు, జీపులు కొన్నారు, కాదనను. కానీ ఆ కాగితాల మీద మన పేరు "లబ్ధిదారుడు". తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఈ మాట దగ్గర ఆగుతున్నాను. కొనుగోలుదారుడు బేరమాడతాడు, లబ్ధిదారుడు సంతకం పెడతాడు. యూనిట్ ధర వేరేవాళ్ళు తేలుస్తారు, చెక్కు నేరుగా డీలరుకు పోతుంది. మేర కొలిచే చెయ్యి మారింది, అంతే.

మా పెద్దనాయన కొడుకు ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ తూఫాన్ తోలాడు. ఈమధ్య ఇంటికి, సుగ్గికి పనికొచ్చే ఏడు సీట్ల బండి సొంతంగా కొందామనుకున్నాడు. నేనూ తోడు పోయాను. మొదటి షోరూంలో కుర్రోడు ఏ ఊరు, ఏ వీధి అని అడిగాడు. చెప్పగానే, ఇంకా ధర పలకకముందే, "కార్పొరేషన్ లోనా అన్నా? ఆ కేసులకు ఆఫర్లు ఉండవు" అన్నాడు. మా అన్న లేచి, "లోను నాది, లెక్క నాది. వస్తామప్పా" అని బయటికి నడిచాడు. మా తాతకు లేనిది అదే, లేచిపోయే వీలు.

తర్వాత మూడు చోట్ల కొటేషన్లు తీసుకున్నాం, కాగితం మీద, విడివిడిగా. ఎక్స్-షోరూం ధర, లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్, బీమా, యాక్సెసరీలు. ఆన్-రోడ్ ధర అని ఒకే అంకె చెబితే అది తువ్వాలు కప్పడమే. బండి పొడవు కూడా అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు ఉండి, 1200 సీసీ దాటని పెట్రోలు బండ్లకు జీఎస్టీ 18 శాతం. ఎర్టిగా లాగా నాలుగు మీటర్లు దాటితే 40 శాతం. మేం చిన్నదే ఎంచుకున్నాం.

"హ్యాండ్లింగ్ చార్జీ" అని 7,500 రాశారు. రవాణా శాఖ ఫీజుల్లో అట్లాంటిది లేదని చెబితే కొట్టేశారు. బీమా మీ దగ్గరే ఎందుకు చేయించాలని అడిగాం. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, కంపెనీ మాత్రం మన ఇష్టం. బయట 11 వేలు తక్కువకు దొరికింది. సీటు కవర్లు ఉచితమన్నారు, వద్దు, డబ్బులు తగ్గించమన్నాం. నెలాఖరు కాబట్టి 12 వేలు తగ్గించారు. ఇవన్నీ కలిపితే 30,500.

అసలు బేరం వడ్డీ దగ్గర ఉంది. 8 లక్షలు, ఏడేళ్ళు. 10 శాతమైతే నెలకు దాదాపు 13,280, 9 శాతమైతే 12,870. తేడా నెలకు నాలుగు వందలే అనిపిస్తుంది. 84 నెలలకు లెక్కేస్తే 34 వేలు దాటుతుంది, షోరూంలో నోరు నొప్పి పుట్టేలా తగ్గించుకున్నదానికంటే ఎక్కువ. డీలరు చూపిన ఫైనాన్స్ 10 శాతం. మా అన్న జీతం పడే బ్యాంకులో అడిగితే 9కి ఇచ్చారు.

బండి ఇచ్చే రోజు మేనేజరు దండ తెచ్చి ఫొటోకు నిలబడమన్నాడు. మా అన్న ముందు ఇన్‌వాయిస్ అడిగి, చాసిస్ నంబరు బండి మీది నంబరుతో సరిచూసి, తయారైన నెల అందులో రాయించుకున్నాడు. ఫొటో తర్వాత దిగాడు.