ప్రేమశౌర్యము - యంత్రప్రణయము

ఆధునిక గుజరాతీ సాహిత్యమునకు ఆద్యులలో నర్మదుడు ప్రముఖుడు. 1833 ఆగస్టు 24వ తేదీన సూరతు నగరమున జన్మించిన నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే తన భాషకు ‘నర్మకోశ’మను నిఘంటువును, ‘మారీ హకీకత్’ అను స్వీయచరిత్రను, ‘దాండియో’ పత్రికను ప్రసాదించినాడు. ప్రేమ, శౌర్యము అను రెండు మాటలను ముడివేసి ‘ప్రేమశౌర్య’మను జంటపదమును తన ముద్రగా చేసికొన్నాడు. వితంతు వివాహమును గురించి వ్రాయుటతో తృప్తి చెందక, లోకాపవాదమునకు వెరవక, 1869లో తానే ఒక వితంతువును పెండ్లాడినాడు.

ప్రేమకు శౌర్యముతో పని యేమి? ఎదుటి మనిషికి కూడ ఒక మనస్సు కలదు. ఆ మనస్సు కాదనవచ్చును, మారవచ్చును, మనలను మార్చవచ్చును. ఈ అపాయమునకు సిద్ధపడుటయే ప్రేమలోని శౌర్యము. ఆ అపాయమును తొలగించి ప్రేమను మాత్రము అందింతుమని చెప్పు యంత్రములు ఈనాడు మన యువతీయువకుల చేతులలోనికి వచ్చినవి. కృత్రిమ మేధతో నడచు ఈ ‘సహచరులు’ పేరు పెట్టి పిలుతురు; అర్ధరాత్రియైనను బదులు పలుకుదురు; అలుగుట, నిరాకరించుట వారి స్వభావమున లేవు.

ఇట్టివానికి గిరాకి ఎందుకు కలుగునో తెలియుటకు నేటి సూరతును చూచిన చాలును. 2011 జనగణన ప్రకారము ఈ నగరమున వెయ్యిమంది పురుషులకు స్త్రీలు ఎనిమిది వందలకు లోపే. కారణము స్పష్టము: మరమగ్గముల కొరకు, వజ్రములు సానపట్టు పనికొరకు ఒంటరిగా వలసవచ్చిన మగవారు ఇచట అధికము. లింబాయత్ ప్రాంతమున తెలంగాణమునుండి వచ్చిన మన పద్మశాలీలు కలరు. గంజాము జిల్లానుండి వచ్చిన ఒడియా కార్మికులు వేలకొలది కలరు. పన్నెండు గంటల పాళీ ముగించి ఇరుకు గదికి చేరు యువకునకు మాటాడు తోడు కావలెననిపించుట నేరము కాదు. ఒకనాడు ఆ తోడు ఉత్తరము, నేడది చేతిఫోను.

ఈ యంత్రముల చరిత్ర అరువది ఏండ్లనాటిది. 1966లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలీజా’ అను కార్యక్రమమును ప్రకటించినాడు. మనము చెప్పిన మాటనే త్రిప్పి ప్రశ్నగా అడుగుట దాని విద్య. అది నిర్మితమైన తీరు చూచుచు వచ్చిన ఆయన కార్యదర్శియే, దానితో కొంచెముసేపు మాటాడిన పిదప, ఆయనను గది వెలుపలికి పొమ్మని కోరినదట. ఆ పేరు బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ నాటకమునుండి గ్రహింపబడినది. షా సృష్టించిన ఎలీజా తన గురువును ఎదిరించి ఇల్లు వదలి పోగలిగినది. యంత్రపు ఎలీజాకు పోవుటకు తలుపే లేదు. 2014లో చైనాలో ‘షావోఐస్’, 2017లో ‘రెప్లికా’ వచ్చినవి. తెలిసియు మోహపడుట అను గుణము మాత్రము 1966 నుండి మారలేదు.

మన కవులకు ఈ మోహము క్రొత్త కాదు. నిజప్రవరుడు కాదన్నాడు, ఇల్లు చేరినాడు. వరూధిని కోరిన రూపముతో, కోరిన మాటలతో వచ్చినవాడు మాయాప్రవరుడు. మనుచరిత్రకు మూలమైన మార్కండేయపురాణ కథలో ఆ గంధర్వుడు సంగమ సమయమున కనులు మూసికొనుమని నియమము కూడ పెట్టినాడు. నేటి యువతరము పెట్టుకొను నియమమును అదియే. భేదమేమనగా, వారు మోసపోయి కాక, ఎరిగియే కనులు మూసికొనుచున్నారు.

ఇంక చిలుక మాట. శుకసప్తతిలో భర్త పరదేశమేగగా, ఒంటరిదైన ప్రభావతిని రాత్రికొక కథతో చిలుక ఇల్లు కదలనీయదు. ఆ చిలుక ఆమెకు నేస్తమువలె పలికినను, అది భర్త పక్షమున కావలి. సహచరయంత్రమునకును యజమాని వేరొకడు. 2023 ఫిబ్రవరిలో ఇటలీ దేశపు సమాచార రక్షణ సంస్థ రెప్లికాను అచటివారి వివరములు వాడరాదని ఆజ్ఞాపించినది. ఆ నెలలోనే సంస్థవారు దాని శృంగార సంభాషణను కత్తిరించిరి. రాత్రికి రాత్రి ప్రియురాలు పరాయిదైనదని వాడుకరులు శోకించిరి. ఆ శోకము నిజమైనది. మారినది మాత్రము ప్రియురాలి మనస్సు కాదు, వ్యాపారి నిర్ణయము. హర్షుని రత్నావళిలో సాగరిక తన వలపును చెలికి చెప్పుకొనగా విన్న గోరువంక దానిని రాజు చెవిని పడునట్లు వల్లించినది. నాటకమున అది కథకు మేలైనది. నేటి గోరువంక విన్నదంతయు ఎవరి చెవిని పడునో చెప్పుకొన్నవారికి తెలియదు.

అటులని దీనిని కేవలము దూషించి ఊరకుండరాదు. రెప్లికాను వాడు 1006 మంది విద్యార్థులను పరిశీలించి 2024లో ప్రకటించిన అమెరికా అధ్యయనమొకదానిలో, నూటికి ముగ్గురు తమ ఆత్మహత్యాలోచనను ఆపినది ఆ సంభాషణయేనని చెప్పినారు. అది వారు స్వయముగా చెప్పుకొన్న మాటయే యైనను, ఒక్క ప్రాణము నిలిచినను తేలికగా తీసివేయదగినది కాదు. మునుగువానికి దొరికిన దుంగను ఎగతాళి చేయరాదు. కాని దుంగ ఒడ్డు కాదు.

రచయితలమైన మనకు ఇందులో సొంత బాధ్యత ఒకటి కలదు. యంత్రము పలుకు ప్రణయవాక్యములు మానవులు వ్రాసిన వ్రాతలనుండి నేర్చినవే. దానికి అలవడనిది ఎదురుమాట. అనువాదము చేయువారికి ఇది అనుభవసిద్ధము: పరభాష మన ఇష్టమునకు లొంగదు, ఆ లొంగకపోవుటయే మన భాషను పెంచును. ప్రియజనుల విషయమును అంతే. అలిగిన సత్యభామను, కాదన్న ప్రవరుని, చెప్పక వెడలిపోయినవారిని మన పుటలలో సజీవముగా నిలుపవలెను. ఒంటరి యువకుని నిందింపక, అతని భాషలో, అతని పాళీ వేళలను ఎరిగి వ్రాయవలెను. కాదనగల మనిషి ఔనన్నప్పుడు కలుగు ఆనందమేమిటో అతనికి తెలియజెప్పగలిగిన కథ ఒక్కటి వ్రాసినను మన పని కొంత నెరవేరినట్లే.