మాత్రల పెట్టెలో కాగితం

"వదినా, యడం కాలి పిక్క రెండు దినాల నుంచి లాగుతా ఉంది. పనెక్కువై అనుకున్యా."

కువైట్‌లో ముబారక్ అల్ కబీర్ ప్రాంతం, సబాహ్ అల్ సాలెంలో ఒక ఇంటి మేడమీది గది. రాత్రి గిన్నెలు కడగడం అప్పుడే అయింది. ఆమె వంటమనిషి, భర్త అదే ఇంట్లో డ్రైవరు. పిల్లలు రాజంపేట దగ్గర పల్లెలో అవ్వ దగ్గరున్నారు. ఫోనులో అవతల ఉన్నది ఆడబిడ్డ, ఊళ్లో ఏఎన్‌ఎం. ఈ ఇల్లాలు ఒక్కరు కాదు. అక్కడ పనిచేస్తున్న మన ఆడవాళ్ల పరిస్థితులను కలిపి అల్లిన మనిషి. మందు గురించి చెప్పేదంతా మాత్రం అక్షరాలా నిజం.

"ఒక కాలేనా?"

"ఒకటే. వాచింది. ముట్టుకుంటే వేడిగా ఉంది."

"మందులేమన్నా మింగుతున్నావా మే?"

"పిల్లలు కాకుండా మాత్ర. ఫార్మసీలో తెచ్చినాడు మీ తమ్ముడు. రెండు నెలలైంది."

"పెట్టెలో కాగితం ఉంటాది, చూసినావా?"

"ఉంది. అరబ్బీ, ఇంగ్లీషు. ఎట్లా చదివేది?"

"ఇంక మింగొద్దు. కాలు పిసకొద్దు. తెల్లారేదాకా ఉండొద్దు, ఇప్పుడే ఆసుపత్రికి పో. ఊపిరాడకపోతే 112కు కొట్టు."

స్కానింగులో కాలి లోపలి సిరలో రక్తం గడ్డ కనబడింది. అది ఊపిరితిత్తులకు చేరకముందే మందు మొదలైంది.

ఆ కాగితం ఊరికే రాలేదు. 1970 జనవరిలో వాషింగ్టన్‌లో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ ఈ మాత్రల భద్రతపై విచారణ జరిపారు. డాక్టర్లు సాక్ష్యం చెబుతున్నారు, మింగిన ఆడవాళ్లను ఎవరూ పిలవలేదు. ఆలిస్ వుల్ఫ్‌సన్, ఆమెతో వచ్చిన మహిళలు ప్రేక్షకుల్లోంచి లేచి గట్టిగా నిలదీశారు. ముప్పులు రాసిన కాగితం మాత్రలతో పాటే ఇవ్వాలని అమెరికా ప్రభుత్వం ఆ ఏడాదే ఆదేశించింది. 1960లో గర్భనిరోధానికి అనుమతి పొందిన ఎనోవిడ్ మాత్రలో గడ్డకట్టే ముప్పును పెంచే ఈస్ట్రోజన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. మన మాలా-ఎన్‌లో ఇప్పుడది 30.

కాబట్టి భయపడి పారేయాల్సిన మందు కాదిది. ఏడాదికి పదివేల మందిలో, వాడనివారిలో 1 నుంచి 5 మందికి గడ్డ కడితే, వాడేవారిలో 3 నుంచి 9 మందికి కడుతుంది. గర్భిణుల్లో అయితే 5 నుంచి 20. ముప్పు మొదటి నెలల్లోనే ఎక్కువ. నెలసరి నొప్పి, అధిక రక్తస్రావం తగ్గడానికీ, పీసీఓఎస్‌లో నెలసరి గాడిన పడడానికీ ఇదే మాత్ర పనికొస్తుంది. అండాశయ, గర్భాశయ లోపొర క్యాన్సర్ల ముప్పునూ తగ్గిస్తుంది. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. వరసగా రెండు తప్పితే 7 రోజులు కండోమ్ కూడా వాడాలి.

కానీ బీపీ ఎక్కువున్నవారు, 35 దాటి పొగతాగేవారు, కళ్లముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవారు, ఇంతకుముందు గడ్డకట్టినవారు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు, ఆరు వారాల్లోపు బాలింతలు దీన్ని వాడకూడదు. ఇవన్నీ డాక్టరు అడగాలి. ఆయన అడగకపోతే మీరే చెప్పాలి.

గల్ఫ్‌లో మీ అక్కో చెల్లెలో వదినో ఉంటే, ఆమె మింగే మాత్రల కాగితాన్ని ఫొటో తీసి పంపమనండి. ఊళ్లో నర్సమ్మకో డాక్టరుకో చూపించి, అందులో ఏముందో ఆమెకు తెలుగులో చెప్పించండి.