పొర తీశాక పిల్లల చూపు

పుట్టుకతోనే కంట్లో శుక్లం ఉన్న బిడ్డకు ఆపరేషన్ చేస్తే అడ్డు తొలగి వెలుతురు లోపలికి వెళుతుంది. అంతమాత్రాన చూపు వచ్చేసినట్టు కాదని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. లండన్ సర్జన్ విలియం చెసెల్డెన్ పదమూడేళ్ల కుర్రాడికి చేసిన శస్త్రచికిత్స గురించి 1728లో రాసిన నివేదికే అందుకు సాక్ష్యం. ఆ అబ్బాయికి వస్తువులన్నీ తన కళ్లను తాకుతున్నట్టే అనిపించాయి. పిల్లి ఏదో, కుక్క ఏదో చూసి గుర్తుపట్టలేక తడిమి తెలుసుకునేవాడు. పటాల్లోని బొమ్మలు రంగుల మరకలు కావని గ్రహించడానికి రెండు నెలలు పట్టింది. నిజమే, అతనికి ఆపరేషన్‌కు ముందే వెలుగుచీకట్లు తెలిసేవి, ఎండలో కొన్ని రంగులు కూడా ఆనేవి. కాబట్టి అది పూర్తిగా స్వచ్ఛమైన రుజువు కాదు. అయినా, చూడటం కూడా నేర్చుకోవలసిన పనేనన్న సంగతి అక్కడ స్పష్టంగా కనబడుతుంది.

ఆ నేర్పుకు గడువు ఉందన్న మాట ఇరవయ్యో శతాబ్దంలో బలపడింది. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ 1960లలో పిల్లికూనల ఒక కన్ను కొంతకాలం మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉన్నా, మెదడులోని దృష్టి కణాలు దాదాపుగా దానికి స్పందించడం మానేశాయి. పెద్ద పిల్లులకు మాత్రం ఆ నష్టం జరగలేదు. 1981లో నోబెల్ బహుమతిలో భాగం తెచ్చిన ఈ పరిశోధన వల్ల పసికందులకు త్వరగా ఆపరేషన్ చేయాలన్న పట్టుదల పెరిగింది. అది మేలే. కానీ దానికి నీడలా ఒక నిరాశ కూడా వచ్చింది: ఎనిమిదేళ్లో పదేళ్లో దాటిన పిల్లలకు ఇక శస్త్రచికిత్స దండగ అని. ఈ నిరాశకు ఆధారం చాలదని నా వాదన.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన పవన్ సిన్హా మన దేశంలో నడిపిన 'ప్రాజెక్ట్ ప్రకాశ్' ఇక్కడే కీలకం. పుట్టుకతో చూపులేక ఆలస్యంగా ఆపరేషన్ చేయించుకున్న, ఎనిమిది నుంచి పదిహేడేళ్ల మధ్య వయసున్న ఐదుగురిని పరీక్షించిన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. చేత్తో తడిమిన వస్తువును, ఆపరేషనైన వెంటనే కంటితో చూసి వాళ్లు పోల్చుకోలేకపోయారు. కొద్ది రోజుల్లోనే ఆ శక్తి ఎంతో మెరుగుపడింది. మరో పరిశీలన ఇంకా ఆలోచింపజేస్తుంది. ఒకదానిపై ఒకటి పడిన ఆకారాలు ఇలా ఆలస్యంగా చూపు వచ్చినవారికి మొదట ముక్కలు ముక్కలుగా కనబడేవి. ఒక ఆకారం కదిలితే చాలు, దాన్ని విడిగా పట్టేసేవారు. చెదిరిన దృశ్యాన్ని కూర్చుకోవడానికి మెదడు కదలికను ఊతం చేసుకుంటోందన్నమాట. గడువు పూర్తిగా ముగిసిపోయి ఉంటే ఇది జరగదు.

ఈ పిల్లలకు ముందే కాస్త వెలుతురు తెలిసేది గనుక ఇది కొత్తగా నేర్చినది కాదని ఆక్షేపించవచ్చు. ఆ కాస్త వెలుతురు సాయపడి ఉండవచ్చు. కానీ ఆపరేషన్ దాకా లేని సామర్థ్యం తర్వాత రావడాన్ని అదొక్కటే వివరించదు. మరి పెద్దయ్యాక చేసినా ఫలితం ఉంటే తొందరెందుకన్నది ఇంకా గట్టి ప్రశ్న. జవాబు కెనడా పరిశోధనలో ఉంది. డాఫ్నే మారర్ బృందం 2001లో ప్రకటించిన ప్రకారం, పుట్టిన రెండు నుంచి ఆరు నెలలకే శుక్లం తీసినవారు కూడా, ఏళ్ల తర్వాత, కళ్లు, ముక్కు, నోటి మధ్య దూరాల్లోని తేడాలను బట్టి ముఖాలను వేరుచేయడంలో వెనకబడ్డారు. హైదరాబాద్‌లోని ఎల్‌వి ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులతో కలిసి హాంబర్గ్ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన అధ్యయనంలోనూ, పుట్టు శుక్లం తీయించుకున్నవారి మెదడు ముఖాలకు ప్రత్యేకంగా స్పందించలేదు. అంటే చూపులోని అన్ని శక్తులకూ ఒకే గడువు లేదు. కొన్ని ఆలస్యంగానైనా వస్తాయి, కొన్ని తొలి నెలల్లోనే చేజారతాయి.

అందుకే బిడ్డ కంటిపాపలో తెలుపు కనిపించినా, కళ్లు నిలవకుండా ఊగుతున్నా, వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. ఆపరేషన్‌తో పని అయిపోయిందనుకోకుండా కళ్లద్దాలు, చెప్పినన్నాళ్లు కంటికి ప్యాచ్, క్రమం తప్పని పరీక్షలు కొనసాగించండి. ఇప్పటికే పదేళ్లు దాటిన బిడ్డ ఇంట్లో ఉంటే, వయసు మించిపోయిందన్న మాట విని ఆగిపోకండి. ఆ బిడ్డనూ కంటి డాక్టరుకు చూపించండి.