పిక్క పట్టేస్తే: కాలి ధమనుల వైద్యం నడిచిన దారి

కొంత దూరం నడిచేసరికి పిక్క పట్టేస్తుంది. రెండు నిమిషాలు నిలబడితే సర్దుకుంటుంది. మళ్లీ నడిస్తే ఇంచుమించు అంతే దూరంలో మళ్లీ పట్టేస్తుంది. నడకలో కండరానికి రక్తం ఎన్నోరెట్లు ఎక్కువ కావాలి. సన్నబడ్డ ధమని అంత ఇవ్వలేదు. మన ఇళ్లలో దీన్ని ఇప్పటికీ వయసు నొప్పి అనో, నరాల బలహీనత అనో వదిలేస్తున్నారు.

ఈ గుర్తును ముందు పట్టుకున్నది పశువైద్యం. 1831లో ఫ్రాన్సులో బూలే అనే పశువైద్యుడు ఒక బండిగుర్రాన్ని గమనించాడు. పరిగెత్తిన కాసేపటికి వెనక కాళ్లు కుంటేది, ఆగితే మామూలయ్యేది. చనిపోయాక కోసి చూస్తే ఆ కాళ్లకు వెళ్లే ధమనులు మూసుకుపోయి ఉన్నాయి. 1858లో పారిస్ వైద్యుడు షార్కో ఒక మాజీ సైనికుడిలో అదే కుంటును గుర్తించాడు. నోరులేని జీవి బాధను అంత శ్రద్ధగా చదివిన బూలేకు వైద్యచరిత్రలో ఇంకా పెద్ద చోటు దక్కాల్సింది.

1908లో న్యూయార్క్‌లో లియో బర్గర్ వర్ణించిన జబ్బు వేరు. అది పొగాకు అలవాటున్న పడుచువాళ్ల చిన్న ధమనులను మూసేస్తుంది. మన దేశంలో బీడీ కాల్చేవాళ్ల కాలివేళ్లు నల్లబడటానికి అదొక ముఖ్య కారణం.

1929లో లిస్బన్‌లో రేనాల్డో డోస్ శాంటోస్ మహాధమనిలోకి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించి ఫొటో తీశాడు. అడ్డు ఎక్కడుందో బతికున్న మనిషిలోనే కనిపించింది. 1948లో పారిస్‌లో జాన్ క్యూన్లాన్ రోగి కాలి సిరనే తీసి, తిరగేసి, అడ్డును దాటించి కుట్టాడు. సిరలోని కవాటాలు రక్తాన్ని ఒక దిక్కుకే వదులుతాయి కాబట్టి తిరగేయక తప్పదు.

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1964 జనవరి 16న జరిగింది మరీ గొప్పది. 82 ఏళ్ల ఒక వృద్ధురాలి కాలివేళ్లు కుళ్లుతున్నాయి. కాలు తీసేయాలన్నారు సర్జన్లు. ఆమె ససేమిరా అన్నారు. ఎక్స్‌రే వైద్యుడు చార్లెస్ డాటర్ తొడ ధమనిలోకి సన్నని తీగ పంపి, దాని మీదుగా ఒకదాని తర్వాత ఒకటి లావు గొట్టాలు తోసి దారి వెడల్పు చేశాడు. పాదం వెచ్చబడింది, పుండు మానింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా బతికిన ఆమె చివరిదాకా తన కాళ్ల మీదే నడిచారు. ఆమె మొండితనానికీ ఈ వైద్యం రుణపడి ఉంది. డాటర్ చికిత్స జరిగిన పదేళ్లకు గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు ఇలాంటి గొట్టానికి బెలూన్ అమర్చాడు.

జబ్బును పట్టే పరీక్ష మాత్రం చాలా తేలిక. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు, 0.9 లేదా అంతకు తక్కువైతే ధమని సన్నబడినట్టే. షుగరు ఉన్నవాళ్లలో ధమనులు గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపొచ్చు, అప్పుడు బొటనవేలి దగ్గర కొలుస్తారు. 1966లో డెన్మార్క్‌కు చెందిన లార్సెన్, లాసెన్ రోజువారీ వ్యాయామంతో రోగుల నడక మెరుగుపడుతుందని చూపారు. నొప్పి వచ్చేదాకా నడవడం, ఆగడం, తగ్గాక మళ్లీ నడవడం నేటికీ మొదటి చికిత్సల్లో ఒకటి. పొగ మానడం దానికి తోడు. పడుకున్నా పాదం నొప్పి తగ్గనివాళ్లు, పుండు మాననివాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా రక్తనాళాల సర్జన్‌కు చూపించుకోవాలి.