కాలు, వీసం, కాణి: భిన్నాలు కూడిన తెలుగు పద్ధతి

భిన్నాలను కూడాలన్నా తీసివేయాలన్నా అడ్డంకి ఒక్కటే. హారాలు వేరైతే ముక్కల పరిమాణం వేరవుతుంది. పరిమాణం వేరైన ముక్కలను కలిపి లెక్కపెట్టడం కుదరదు. దీన్ని దాటడానికి తెలుగునాట రెండు దారులు పక్కపక్కనే నడిచాయి. ఒకటి శాస్త్రగ్రంథాలది: ఎలాంటి హారాలు ఎదురైనా వాటిని సమం చేసే సూత్రం. రెండోది కరణాలది, వర్తకులది: అసలు హారాల పేచీయే రాకుండా ముందే కట్టుబాటు చేసుకోవడం. మొదటి దారి వేసినవారి పేర్లు మిగిలాయి. రెండోదాన్ని వేసినవారి పేర్లు మిగలలేదు. అయినా రోజువారీ లెక్క ఎక్కువగా నడిచింది దాని మీదనే.

628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో చెప్పిన నియమాన్ని బడిపిల్లలు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు. ఒక్కో భిన్నపు లవహారాలను రెండోదాని హారంతో గుణించాలి. హారాలు సమమయ్యాక లవాలను కూడాలి లేదా తీసివేయాలి. నియమంలో లోపం లేదు గాని అంకెలు అక్కర్లేకుండా పెరుగుతాయి. 1/6కు 1/10 కలిపితే హారం 60, మొత్తం 16/60. దాన్ని మళ్లీ 4/15కు కుదించాలి. సుమారు 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ పనిని తేలిక చేశాడు. హారాల ఉమ్మడి కారణాంకాలనూ, వాటితో భాగించగా మిగిలిన లబ్ధాలనూ గుణిస్తే వచ్చే సంఖ్యకు "నిరుద్ధం" అని పేరు పెట్టాడు. నేటి క.సా.గు. అదే. 6, 10లకు నిరుద్ధం 30 కాబట్టి 5/30, 3/30 కలిసి 8/30 అవుతుంది. చిన్న అంకెలతో పని ముగుస్తుంది.

మిశ్రమ భిన్నాలనూ ఆయన విడిగా పట్టించుకున్నాడు. పూర్ణాంకానికి భిన్నం తోడైతే భాగానుబంధం; పూర్ణాంకం నుంచి భిన్నం తగ్గితే భాగాపవాహం. మూడుంబావు మొదటి తెగకు చెందుతుంది: మూడును నాలుగుతో గుణించి ఒకటి కలిపితే 13/4. పావు తక్కువ మూడు రెండో తెగ: పన్నెండులోంచి ఒకటి తీస్తే 11/4. గడియారం చూసి "పావు తక్కువ నాలుగు" అనే తెలుగువారు ఈ రెండో తెగను నేటికీ వాడుతూనే ఉన్నారు.

గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. ఆయన రాజరాజనరేంద్రుని కాలంవాడని, అంటే 11వ శతాబ్దివాడని ప్రసిద్ధి. తెలుగులో మనకు దక్కిన తొలి గణితగ్రంథం ఇదే. జైనుడైన మహావీరుని మూలాన్ని శైవుడైన మల్లన తన విశ్వాసానికి తగినట్టు మార్చుకున్నాడు. గణితాన్ని తెలుగు పద్యంలో ఒదిగించడం చిన్న పని కాదు. దానికి దక్కవలసినంత గౌరవం ఇంకా దక్కలేదు.

ఇక రెండో దారి. కరణాల లెక్కల్లో ఒకటిని నాలుగు చేస్తే కాలు, కాలును నాలుగు చేస్తే వీసం, వీసాన్ని నాలుగు చేస్తే కాణి. అంటే వరసగా 1/4, 1/16, 1/64. పూర్ణాంకాలు పది పదిగా ఎదుగుతుంటే భిన్నాలు నాలుగు నాలుగుగా దిగుతాయి. రాత కూడా దీనికి తగ్గట్టే ఉండేది. కాలు స్థానంలో నిలువు గీతలు: ఒకటైతే కాలు, రెండైతే అర, మూడైతే ముక్కాలు. వీసం స్థానంలో అడ్డగీతలు: ఒకటి వీసం, రెండు పరక, మూడు మువ్వీసం. కాణి స్థానంలో మళ్లీ నిలువు. గీత నిలువా అడ్డమా అన్నది చూస్తే పక్కపక్క స్థానాలు కలగాపులగం కావు. చుక్కగాని విభజన గీతగాని అవసరం లేదు. ఖాళీకి కూడా రెండు గుర్తులు: కాలు స్థానం ఖాళీ అయితే హళ్లి, వీసం స్థానం ఖాళీ అయితే మామూలు సున్న.

ఈ రాతలో కూడిక ఎంత సులువో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 5 7/16ను కరణం ౫౹౾ అని రాస్తాడు: అయిదు, కాలు, మువ్వీసం. 2 13/16 అంటే ౨౻౼: రెండు, ముక్కాలు, వీసం. కుడి నుంచి మొదలుపెడితే మువ్వీసం, వీసం కలిసి నాలుగు వీసాలు. అవి ఒక కాలై ఎడమకు వెళతాయి. కాలు స్థానంలో ఒకటి, మూడు, వచ్చిన ఒకటి కలిసి అయిదు. అందులో నాలుగు ఒక పూర్ణమై ముందుకు పోగా కాలు మిగులుతుంది. పూర్ణాంకాలు అయిదు, రెండు, ఒకటి కలిసి ఎనిమిది. మొత్తం ఎనిమిదింబావు. తీసివేతలో ఇదే తిరగబడుతుంది. ఎనిమిదింబావులోంచి 2 13/16 తీయాలంటే వీసం స్థానం ఖాళీ కనుక ఒక కాలును విప్పి నాలుగు వీసాలు చేస్తారు. ఒకటి పోగా మువ్వీసం నిలుస్తుంది. ఇప్పుడు కాలు స్థానమూ ఖాళీ; ఒక పూర్ణాన్ని విప్పితే నాలుగు కాళ్లు, మూడు పోగా కాలు. ఏడులోంచి రెండు పోతే అయిదు. క.సా.గు. ఊసే లేకుండా లెక్క తెగింది.

ఇది పెద్దల విద్య మాత్రమే కాదు. బళ్లారి జిల్లా కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823లో ఆ జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక రాశాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఆయనకు భాష తెలుసు, బడుల తీరూ తెలుసు. పదులుగా కాక నాలుగులుగా దిగే ఈ భిన్నాలను నేర్పడంలో పంతుళ్లు ఎంతో శ్రద్ధ పెడతారని, చాలా లోతు వరకు తీసుకువెళతారని ఆయన గమనించాడు. పిల్లలు రోజుకు రెండుసార్లు వరసగా నిలబడి ఈ భిన్నాలను, ఎక్కాలను, కొలతలను ఒకరు చెప్పగా అందరూ అప్పగించేవారు.

కొలతలు ఈ లెక్కకు అచ్చంగా అతికాయి. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. కొలపాత్ర పరిమాణం సీమసీమకూ మారేది గాని ఈ వరస మీద లెక్క మారనక్కర్లేదు. గిద్ద అంటే తూములో 1/256. మూడు కుంచాల మూడు మానికలకు మరో మానిక పోస్తే తూము నిండుతుంది. రూపాయి కూడా ఇలాగే కుదిరింది: పదహారు అణాలు, అరవై నాలుగు కాణులు. అణా అంటే రూపాయిలో వీసమే. పైన చేసిన కూడికను అయిదు రూపాయల ఏడణాలు, రెండు రూపాయల పదమూడణాలు అని చదివితే జవాబు ఎనిమిది రూపాయల పావలా.

ఈ కట్టుబాటుకు లొంగనిది మూడోవంతు. ఆస్తిని ముగ్గురు అన్నదమ్ములు పంచుకోవాలంటే నాలుగుల లెక్క తెగదు. కాలు, వీసం, కాణి మూడూ కలిపితే 21/64. మూడోవంతుకు ఇంకా 1/192 కొరత. రూపాయిలో ఆ 1/192 సరిగ్గా ఒక దమ్మిడీ. అణాకు పన్నెండు దమ్మిడీలు ఉండడం వల్ల రూపాయిలో మూడోవంతు అయిదణాల నాలుగు దమ్మిడీలుగా మిగులూ తరుగూ లేకుండా తేలేది. నాలుగుల వరస చివర ఒక్క మూడును తగిలించడంతో, శాస్త్రం నిరుద్ధంతో చేసే పనిని నాణెం చేసింది.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలైంది. పావలాకు 25, అర్ధరూపాయికి 50 సరిపోయాయి. అణాకు మాత్రం ఆరుంబావు వచ్చింది. పావు పైసా నాణెం లేదు కనుక మార్పిడి పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 అని వేశారు. అణాకు రెండణాలు కలిపితే 18 రావాలి, పట్టిక మాత్రం 19 అంది. దశాంశ నాణేలు, మెట్రిక్ కొలతలు స్థిరపడ్డాక కాలు, వీసం గీతల అవసరం లెక్కల పుస్తకాల్లో తీరిపోయింది. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో హళ్లి, మూడు నిలువు గీతల అంకెలు, మూడు అడ్డగీతల అంకెలు, వాటితో పాటు తూము గుర్తు తెలుగు లిపి పట్టికలో చేరాయి.